పాసైన సుగరు, మానని పుండు

మా వీధి మలుపులో ఒక ఫ్లెక్సీ కట్టారు. ఏదో కాలేజీది. నలభై మంది పిల్లల ముఖాలు, ఒక్కో ముఖం కింద ఒక్కో అంకె. అది కట్టినప్పటి నుంచి మలుపు అవతల ఏం వస్తోందో కనపడదు. పోయిన నెలలో నాకూ ఒక పాల ఆటోకూ మధ్య చిన్న పరిచయం జరిగింది. మోకాలు గీసుకుపోయింది. ఐదో రోజుకు పక్కు కట్టింది, పదో రోజుకు ఊడిపోయింది. ఫ్లెక్సీ తీయమని చెప్పాల్సిన చోట చెప్పాను. తీయిస్తామన్నారు. వచ్చే ఏడాది ఫలితాలు రాగానే తీసేసి, కొత్తది కడతారనుకుంటాను.

నిజానికి నా ఫిర్యాదు మలుపు గురించి కాదు. మనిషి ముఖానికి ఒక అంకె తగిలించి వీధిలో పెట్టడం గురించి. అది తప్పని నాకింత గట్టిగా తెలియడానికి కారణం, కొన్నేళ్లు ఆ పని నేనూ చేశాను. జీతం తీసుకుని చేశాను. ఇది కొత్తగా ల్యాబుల్లో చేరుతున్న పిల్లల కోసం రాస్తున్నాను. పెద్దవాళ్లు చదివినా అభ్యంతరం లేదు గానీ, వాళ్ల మీద నాకు పెద్ద ఆశల్లేవు.

నేను ముప్పై మూడేళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. రక్తం, మూత్రం, కఫం, ఈ మూడింటితో నాకున్నంత దగ్గరితనం చుట్టాలతో లేదు. చివరి ఆరేళ్లు ఉరవకొండ దాటాక, కర్ణాటక వైపు, ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గడిచాయి. ఊరి పేరు చెప్పను. చెప్పినా ఆ బస్సు మీకు దొరకదు. అక్కడ జనం నన్ను ‘రక్తం సారు’ అనేవాళ్లు. డిగ్రీ చదివి సంపాదించుకున్న బిరుదు అది.

నెలకు రెండు గురువారాలు మా దగ్గర సుగరు దినం. చుట్టుపక్కల పల్లెల నుంచి వంద మంది దాకా పరగడుపున వచ్చి, ఏడు గంటలకే ల్యాబు కిటికీ ముందు వరసలో నిలబడేవాళ్లు. వేలికి సూది, చుక్క రక్తం, మీటరులో అంకె, ట్యాబులో నమోదు. ఆ తర్వాత పక్క కిటికీలో పదహైదు రోజుల మాత్రలు. వరస పొడుగు. మా ఎండ ఎనిమిదికే డ్యూటీ ఎక్కేది. ఆకలితో ఉన్న వంద మందిని పోట్లాడుకోకుండా నిలబెట్టడానికి నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే, నవ్వించడం.

అంకె రాగానే కిటికీలోంచి గట్టిగా చదివేవాణ్ణి. నూట ముప్పై లోపు వస్తే ఫస్ట్ క్లాస్. నూట ఎనభై దాకా సెకండ్ క్లాస్. రెండొందల యాభై దాకా అత్తెసరు పాసు. ఆ పైన సప్లిమెంటరీ. “మూడొందల పది. ఫీజు కట్టుకో అవ్వా, మళ్లీ రాయాల” అంటే వరసంతా నవ్వేది. అవ్వ కూడా నవ్వేది. అవ్వ వెనక నిలబడ్డ కోడలు ఇంటికి పోయాక ఏమనేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని అనిపించనూ లేదు.

ఆ వరసలోకి ఒక గొర్రెల కాపరి వచ్చాడు. యాభై దాటిన మనిషి. తలగుడ్డ, భుజాన గొంగడి, మాట తక్కువ. సుగరు పట్టుకుని ఎనిమిదేళ్లయిందట. నేను చూసిన మొదటి గురువారం ఆయనకు రెండొందల ఎనభై ఆరు వచ్చింది. ఆరోజు నేను మంచి హుషారు మీద ఉన్నాను.

“ఏమప్పా, నీ రక్తం రవ్వంత పోస్తే ఈడుండే వాళ్లందరికీ కాఫీ చేసుకోవచ్చు కదప్పా” అన్నాను.

వంద మంది నవ్వారు. వాళ్లలో ఆయన వియ్యంకుడు కూడా ఉన్నాడు. నెల తిరిగేసరికి వాళ్ల ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలవడం మానేసి ‘కాఫీ’ అంటున్నారని ఎవరో చెప్పారు. నేను బాధపడ్డానని రాయాలని ఉంది. గర్వపడ్డాను. నా మాట ఒకటి ఒక ఊళ్లో నిలబడిపోయిందని.

రెండు నెలల్లో ఆయన సుగరు నూట నలభైకి దిగింది. తర్వాత నూట ఇరవై. నేను “ఫస్ట్ క్లాస్” అని చదివితే ఆయన తల కొంచెం పైకెత్తి, ఎవరి వైపూ చూడకుండా, మాత్రల కిటికీ దగ్గరికి నడిచేవాడు. వియ్యంకుడు మాత్రం చూసేవాడు. వియ్యంకుడిది ఎప్పుడూ సెకండ్ క్లాసే.

ఎలా దిగిందో నాకు తెలుసు. తెలియదని రాస్తే మీరు నమ్ముతారు, కానీ తెలుసు. జనం ఏమీ దాచుకునేవాళ్లు కాదు.

“నిన్న ఏం తిన్యావు పెద్దాయనా?”

“ఏం తినల్యా సారూ. మొన్న సందేళ నుంచి ఉత్త మజ్జిగే. పాస్ కావల్ల కదా.”

మంగళవారం సాయంత్రం నుంచి తిండి బంద్. బుధవారమంతా మజ్జిగ, కొందరికి కాకరకాయ రసం. గురువారం పొద్దున పరీక్ష. పరీక్ష కాగానే ఆసుపత్రి ఎదురు హోటల్లో ఉగ్గాని, బజ్జీలు. ఆ హోటలతను గురువారాలకని బొరుగులు ప్రత్యేకంగా తెప్పించుకునేవాడు. మొత్తం మండలంలో సుగరు గురించి ముందుచూపుతో ఆలోచించిన మనిషి ఆయనొక్కడే. పదమూడు రోజులు ఇష్టమొచ్చినట్టు, రెండు రోజులు ఉపవాసం, పదహైదో రోజు ఫస్ట్ క్లాస్. ఒంట్లో చక్కెర పదమూడు రోజులు తన పని తాను చేసుకుని, పరీక్ష నాడు మర్యాదగా పక్కకు తప్పుకునేది.

మూడు నెలల సుగరు సగటు చెప్పే పరీక్ష ఒకటుంది. దాన్ని ఉపవాసంతో మోసం చేయలేం. దానికి సిరంజితో రక్తం తీసి, పట్నానికి పంపి, ఫలితం కోసం వెంటపడాలి. నేను పంపేవాణ్ణి. సప్లిమెంటరీ వాళ్లవి మాత్రమే. ఫస్ట్ క్లాసులో పాసైన వాళ్లకు మళ్లీ పరీక్ష ఎందుకని నా తర్కం. పిల్లలూ, ఈ వాక్యం రెండుసార్లు చదవండి. ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు ఇదే. ఆ తప్పు చేసేటప్పుడు నా టేబుల్ చాలా శుభ్రంగా ఉంది.

నూట ముప్పై లోపు అంకె పడితే ట్యాబులో ఆ మనిషి పేరు పక్కన గడి ఆకుపచ్చగా మారేది. మా పై అధికారి ఒకాయన ఆ ఆకుపచ్చను చూసి, మా వైపు రైతు వాన మబ్బును చూసినంత సంతోషపడేవాడు. “మీ సెంటరే ఫస్టప్పా. ఏం చేస్తాండారో గానీ, అదే చేయండి” అన్నాడు. ఏం చేస్తున్నామని మాత్రం అడగలేదు. మే నెల ఎండలో నాకు శాలువా కప్పారు.

ఆ రోజుల్లోనే కాపరి కుడి పాదంలో కంప ముల్లు దిగింది. దిగిన సంగతి ఆయనకు తెలియలేదు. సాయంత్రం గొర్లను దొడ్లో తోలి చెప్పు విడిస్తే, చెప్పులో నెత్తురు కనిపించిందట. పుండైంది. వారానికి రెండుసార్లు కట్టు కోసం వచ్చేవాడు. కట్టేది మా స్టాఫ్ నర్సు. ఆమె నోరు పదును, చేతులు మెత్తన.

“ఏమన్నా, ఈ కాలేసుకోని యాడ తిరుగుతాండావు? పండుకోమంటే పండుకోవు.”

“నేను పండుకుంటే గొర్లు యాడ మేస్తాయమ్మా.”

“నీ వియ్యంకుడు మేపుతాడులే.”

“వాడు మేపేది నోటితోనే.”

నాలుగు నెలల్లో ఆయన వేసిన జోకు నాకు గుర్తున్నది అదొక్కటే. నా జోకులన్నిటికంటే అది బాగుంది.

ఆ నాలుగు నెలలూ పుండు మానలేదు. పెరగలేదు, తగ్గలేదు, ఎర్రగా అలాగే ఉండిపోయింది. ఒకరోజు నర్సు చేతులు కడుక్కుని ల్యాబులోకి వచ్చింది.

“సార్, ఆయప్ప సుగరు చూస్తే బాగుండాదంటారు. మాత్రలు మింగుతాండాడు. కట్టు నేనే కడ్తాండా. పుండు మాత్రం మొదటి దినం ఎట్లుండెనో అట్లే ఉండాది. ఏమి సార్ ఇది?”

“సుగరు ఫస్ట్ క్లాసమ్మా. కట్టే సెకండ్ క్లాసేమో చూసుకో” అన్నాను.

ఆమె మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నాలుగు నెలల్లో మా ఆసుపత్రిలో ఎవరైనా అడిగిన మంచి ప్రశ్న అదొక్కటే. దాన్ని నేను నవ్వేసి బయటికి పంపాను.

ఇక ఆ గురువారం. శ్రావణ మాసం, వాన జాడ లేని శ్రావణం. మా డాక్టరమ్మ కోస్తా నుంచి వచ్చిన పిల్ల, అది ఆమెకు మొదటి ఉద్యోగం. ఆరోజు సమీక్షా సమావేశానికి అనంతపురం పోయింది. సమీక్ష దేని మీదో చెబితే నేను అల్లి రాశానంటారు. సుగరు ఎంతమందికి అదుపులో ఉంది అన్న దాని మీద.

కాపరి ఎనిమిది గంటలప్పుడు వచ్చాడు. ఎప్పుడూ రాని భార్య కూడా వెంట వచ్చింది. సూది గుచ్చాను. నూట పద్దెనిమిది. “ఫస్ట్ క్లాస్” అని చదివాను. ఆయన తల పైకెత్తలేదు. మాత్రల కిటికీ దగ్గరికి పోలేదు. గోడ పక్క బెంచీ మీద కూర్చుండిపోయాడు.

ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. “రవ్వంత చూడు సారూ. తెల్లార్నుంచి ఆయప్పకు చెమట్లు కారిపోతాండాయి.”

బయటికి పోయి చూశాను. చొక్కా తడిసిపోయి ఉంది. ముఖం బూడిద రంగు.

“ఎప్పుడు తిన్యావప్పా?”

 ఆమే చెప్పింది. “మొన్న సందేళ తిన్న సంగటే. నేను చెప్పినా సారూ, తినప్పా, పరీక్ష పోతే పోతాదని. ఇనల్యా. ఊర్లో మళ్లా నగుతారంట.”

తిండి లేక సుగరు పడిపోయిందేమోనని మళ్లీ చూశాను. నూట పదహారు. పడిపోలేదు. అంకె బాగుంది కాబట్టి మనిషి కూడా బాగున్నాడని నిశ్చయించుకున్నాను.

“రొమ్ములో నొప్పేమన్నా ఉందా?”

“నొప్పేం ల్యా సారూ” అన్నాడు ఆయన, ఊపిరి కూడదీసుకుంటూ. “ఆయాసంగా ఉండాది. కడుపు మీద రాయి పెట్టినట్లుండాది.”

మా ఫార్మసిస్టు కిటికీలోంచే తీర్పు చెప్పాడు. “ఖాళీ కడుపు కదన్నా. గ్యాసు. ఈ మాత్ర మింగి, రెండు ముద్దలు ఉగ్గాని తిను. సరిపోతాది.”

నేనూ గ్యాసేనన్నాను. వరసలో ముందున్న నలుగురూ గ్యాసేనన్నారు. ఆ మండలంలో ఏ విషయం మీదా అంత ఏకాభిప్రాయం నేను చూడలేదు. నొప్పి లేకపోతే గుండె కాదని మా అందరి లెక్క. సుగరు పాతబడ్డ మనిషికి నొప్పి లేకుండానే గుండె ఆగిపోగలదని నేను పుస్తకంలో చదువుకున్నాను. పుస్తకంలో ఉన్న మనిషి వేరు, మా బెంచీ మీద ఉన్న మనిషి వేరు అనుకున్నాను కాబోలు.

ఇంకా అరవై మంది ఉన్నారు. నేను లోపలికి పోయి అంకెలు చదువుతూ కూర్చున్నాను. మధ్యలో ఒకసారి బయటికి చూసి, “ఫస్ట్ క్లాస్ వచ్చినాక కూడా దిగులుపడే మనిషిని ఈయన్నే చూస్తి” అన్నాను. వరస నవ్వింది. ఆయన మీద నేను వేసిన ఆఖరి జోకు అది. ఆయన భార్య నా వైపు చూసింది. అప్పుడు నేను తర్వాతి మనిషి వేలు పట్టుకుని ఉన్నాను.

పది దాటాక నర్సు, పిల్లల టీకాలు ముగించుకుని, కట్టు మార్చడానికి ఆ బెంచీ దగ్గరికే వచ్చింది. కట్టు విప్పి, పాదం మీద చేయి వేసింది. వేసిన చేయి తీయలేదు. చీలమండ దగ్గర వేళ్లు పెట్టి వెతికింది. తర్వాత మణికట్టు పట్టుకుంది.

“సార్, ఈడికి రండి.” ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే పదును లేదు. అందుకే భయమేసింది. “కాలు మంచుగడ్డ ఉన్నట్లుండాది. నాడి అందడంల్యా. ఇది గ్యాస్ కాదు సార్.”

ఆమె మాట పూర్తవుతుండగానే ఆయన బెంచీ పక్కకు వంగి వాంతి చేసుకున్నాడు.

ఈసీజీ యంత్రం డాక్టరు గదిలో ఉంది. వచ్చి ఏడాదైంది. దాని మీద ఒక గుడ్డ, గుడ్డ మీద ఫైళ్లు, ఫైళ్ల మీద నాకు కప్పిన శాలువా. దాన్ని ఎలా వాడాలో నాకు రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. పది నిమిషాల పని. ఎనిమిదికి చేయాల్సిన పది నిమిషాల పనిని పదీ ఇరవైకి మొదలుపెట్టాను. కాగితం బయటికి వచ్చింది. దాన్ని చదవడం నా ఉద్యోగం కాదు. కానీ గీత చదునుగా ఉండాల్సిన చోట గుట్టలున్నాయని తెలుసుకోవడానికి డాక్టరు కానక్కర్లేదు.

ఫొటో తీసి డాక్టరమ్మకు పంపాను. ఫోన్ చేశాను. తొమ్మిదిసార్లు చేశాను. సమావేశంలో ఫోన్లు మోగకూడదని అందరి ఫోన్లూ బయట టేబుల్ మీద పెట్టించారట. సుగరు అదుపు మీద లోపల చర్చ జరుగుతుంటే బయట టేబుల్ మీద ఆ కాగితం ఫొటో పడి ఉంది. ఆ దృశ్యం నేను చూడలేదు గానీ, చూసినట్టే గుర్తుంది.

నర్సు మాత్రం ఎవరి ఫోన్ కోసమూ ఆగలేదు. ఆస్ప్రిన్ నమిలించింది, సూది ఎక్కించింది, అంబులెన్స్ పిలిచింది. అంబులెన్స్ పక్క మండలానికి కాన్పు కేసుకు పోయింది. డాక్టరమ్మ ఇరవై ఐదు నిమిషాలకు ఫోన్ చేసి, “సార్, ఇది గుండెపోటు. చాలాసేపటి నుంచి నడుస్తోంది. ఎన్ని గంటలకు వచ్చారాయన?” అంది. ఎనిమిదికి అన్నాను. 

పదకొండున్నరకు అంబులెన్స్ వచ్చింది. స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే ఆయన భార్యతో, “గొర్లు దొడ్లోనే ఉండాయి, నీళ్లు పెట్టమను” అన్నాడు. తర్వాత నా చేతిలోని ఈసీజీ కాగితం చూశాడు.

“దాంట్లో ఎంత వచ్చె సారూ?”

“బాగుండాదప్పా” అన్నాను.

ముప్పై మూడేళ్లలో నోటితో చెప్పిన తప్పుడు రిపోర్టు నాకు గుర్తున్నంతవరకు అదొక్కటే. చేత్తో ఎక్కించినవి ట్యాబులో ఉన్నాయి.

ఆయన మూడో రోజు పట్నం పెద్దాసుపత్రిలో పోయాడు. అక్కడ మూడు నెలల సుగరు పరీక్ష చేశారు. పదకొండు దాటింది. ఏడు లోపు ఉండాలి. అంటే మా ఫస్ట్ క్లాస్ విద్యార్థి మొదటి రోజు నుంచీ సప్లిమెంటరీయే.

సోమవారం డాక్టరమ్మ ల్యాబులోకి వచ్చి తలుపు వేసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది.

“సార్, ఆ పుండు, ఈ గుండె, రెండూ ఒకటే కేసు. మనం రెండు రిజిస్టర్లలో రాసుకున్నాం.”

“సుగరు అదుపులో ఉందనుకుంటిమి కదా మేడం.”

“ఉందని ఎవరు చెప్పారు?”

 ఆమె ఒక ల్యాబు స్లిప్పు తిప్పి, వెనకవైపు ఒక గొట్టం బొమ్మ గీసి, దాన్ని అడ్డంగా కొట్టేసింది.

“మీరంతా రక్తనాళం అంటే పొలంలో డ్రిప్పు పైపనుకుంటున్నారు. ఉప్పు పట్టి మూసుకుపోయింది, యాసిడ్ పోస్తే తెరుచుకుంటుంది అని. పైపుకి ప్రాణం లేదు సార్. నాళానికి ఉంది. దాని లోపలి పొర రోజూ ఎక్కడో ఒకచోట దెబ్బతింటుంది, రోజూ మానుతుంది. దాన్ని మాన్పడానికి ఎముకల మూలుగలోంచి కణాలు బయల్దేరతాయి. ఏళ్ల తరబడి చక్కెరలో నానిన ఒంట్లో ఆ కణాలు తక్కువ వస్తాయి. వచ్చినవీ సరిగ్గా పనిచేయవు.”

“మరి ఆ ఎరుపు, వాపు?”

“దెబ్బ తగిలితే మంట పుట్టాలి. చెత్తంతా ఊడ్చేసి ఆరిపోవాలి. ఆరాకే మానడం మొదలవుతుంది. ఆయనలో అది ఎనిమిదేళ్లుగా ఆరలేదు, సన్నగా కాలుతూనే ఉంది. కాలి మీద కనిపించింది, గుండెలో కనిపించలేదు. నరాలు మొద్దుబారిపోయాయి కాబట్టి ముల్లూ తెలియలేదు, గుండె నొప్పీ తెలియలేదు.” స్లిప్పు మడిచి అంది. “నేనూ ఆ కాలు రెండుసార్లు చూశాను సార్. యాంటీబయాటిక్ రాసి పంపాను. మీ అంకె నమ్మాను.”

నాకు అర్థమైన పద్ధతిలో చెబుతాను. మా వైపు ఊళ్లో గలాటా జరిగితే పోలీసు పికెట్ వేస్తారు. రెండు వారాలుంటే మంచిదే. గొడవ సద్దుమణుగుతుంది, కాలిపోయిన ఇళ్లు కట్టుకోవడానికి మేస్త్రీలు వస్తారు, పికెట్ లేచిపోతుంది. అదే పికెట్ ఎనిమిదేళ్లు లేవకపోతే? ఊరి కోళ్లు తగ్గిపోతాయి. చిన్న చప్పుడుకే లాఠీలు లేస్తాయి. అలాంటి ఊరికి మేస్త్రీ రాడు. వచ్చినా తాపీ కింద పెట్టి పారిపోతాడు. గోడలు కూలినవి కూలినట్టే ఉంటాయి. ఒంట్లో ఆరని మంట అంటే అది. ఆ ఊరు బయటికి ఎలా కనపడుతుందంటే, ప్రశాంతంగా కనపడుతుంది. మా ట్యాబులో అయితే ఆకుపచ్చగా.

ఆకుపచ్చ అంటే గుర్తొచ్చింది. ఆయన పోయిన తర్వాత కూడా ఆ గడి రంగు మారలేదు. అది తప్పుడు అంకె, తీసేయాలని పై అధికారికి ఫోన్ చేశాను.

“చచ్చిపోయినది గుండె కాలమ్‌లో పోతాదప్పా” అన్నాడాయన ఓపిగ్గా. “సుగరు కాలమ్‌లో ఆయప్ప బాగానే ఉండాడు కదా. ఎందుకు కదిలిస్తావు?”

ఆయన మంచివాడే. ఆ మాట అన్న తర్వాత నా ఆరోగ్యం కూడా అడిగాడు. నాకు మాత్రం ఆ ఫోన్‌ను గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఫోన్ నాది కాబట్టి. ఇప్పటికీ ఆ గడి అలాగే ఉందని విన్నాను. ఒక మనిషిని మట్టి చేసి ఇన్నాళ్లయినా సుగరు అదుపులో ఉందని లెక్కలో చూపించగల ఏర్పాటు మనది. దాని మీద నాకున్న కోపం పింఛను వచ్చినా తగ్గలేదు.

నేను అంకెలు చదవడం మానేశాను. చీటీ రాసి చేతికిచ్చేవాణ్ణి. ఫస్ట్ క్లాసు వాళ్లందరి రక్తం మూడు నెలల పరీక్షకు పంపాను. ఫలితాలు వచ్చాక ఆకుపచ్చ గడుల్లో సగానికి సగం ఎర్రబడ్డాయి. మా సెంటర్ మొదటి స్థానం నుంచి చివరికి పోయింది. పనితీరు ఎందుకు దిగజారిందో సంజాయిషీ చెప్పమని మెమో ఇచ్చారు. ఆ మెమోకు జవాబు రాయకుండానే రిటైరయ్యాను. ఇదంతా విని నేను మారిన మనిషినని ఎవరూ సంతోషపడక్కర్లేదు. మెమో రాకముందే, ఒక ఆదివారం పొద్దున, నేను కాపరి వాళ్ల ఊరికి పోయాను.

డాక్టరమ్మ చెప్పిన సంగతి ఆయన భార్యకు అర్థమయ్యేలా చెప్పడానికి పోతున్నానని దారంతా అనుకున్నాను. నిజమేమిటంటే, ‘నీ తప్పేం ల్యా’ అనే మాట ఆమె నోటి నుంచి వినడానికి పోయాను. బండి మీద పద్నాలుగు కిలోమీటర్లు ఆ మాట కోసం పోయాను.

ఆమె దొడ్లో ఉంది. ఒక గొర్రెను వెల్లకిలా పడేసి, దాని కాలు ఒళ్లో పెట్టుకుని, గిట్టల మధ్య చాకు మొనతో ఏదో తవ్వుతోంది. నన్ను చూసి లేవలేదు.

“రా సారూ. ఆ రాతి మీద కూచో. చేతులు ఖాళీ ల్యావు.”

కూర్చున్నాను. ఎలా ఉన్నావని అడిగాను. ఉండానంది. పికెట్ సంగతి, మేస్త్రీల సంగతి చెప్పడం మొదలుపెట్టాను. సగంలో అది నాకే బాగనిపించక ఆపేశాను. ఆమె గిట్టలోంచి ముల్లు ముక్క బయటికి లాగి, ఎండలో పట్టి చూసి, గోడ అవతలికి విసిరింది. చిప్పలోని వేపనూనె పూసి గొర్రెను వదిలింది. అది లేచి, కొంచెం ఆలోచించి, నాలుగు కాళ్ల మీదా నడిచి మందలో కలిసింది. ఆమె కళ్లు దాని వెంటే పోయాయి.

“లోపలి జబ్బమ్మా అది” అన్నాను. “ఆయప్పకు నొప్పి కూడా తెలియల్యా. గుండె సంగతి బయటికి కనపడదు కదా. మాకు యాడ తెలుస్తాది.”

ఆమె చాకును చీర చెంగుతో తుడిచి, అప్పుడు నా ముఖంలోకి చూసింది.

“ఒక గొర్రె కుంటితే మేము మందంతా నిలబెడ్తాము సారూ. ఆయప్ప నాలుగు నెలలు మీ కండ్ల ముందరే కుంటుకుంటా వచ్చె.”